మంచు కుటీరంలో తొమ్మిది పాటలు

గత సంవత్సరం సంక్రాంతి సెలవులకు ముందు, డిగ్రీ మూడవ సంవత్సరం విద్యార్థి ఒకడు తరగతి ముగిసిన తరువాత నా బల్ల వద్ద నిలిచి, తాను చదువు మానివేసి స్వగ్రామానికి పోదలచుకొన్నట్లు చెప్పినాడు. పిల్లవాడు మందబుద్ధి కాడు. ఛందస్సు పాఠంలో తప్ప మరెక్కడా నన్ను విసిగించినవాడు కాడు. పాటలు వ్రాస్తాడు, గిటారు వాయిస్తాడు. కారణమేమని అడిగితే, "మాస్టారూ, మా తాతగారి పొలంలో పాత రేకుల షెడ్డుంది. నాలుగు నెలలు అక్కడ ఒంటరిగా ఉంటే నా పాటలు నాకొస్తాయి. జస్టిన్ వెర్నన్‌కి అలాగే వచ్చాయి. ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడండీ? దుఃఖం ఉంది, ఏకాంతం ఉంది, అంతే" అన్నాడు.

జస్టిన్ వెర్నన్ ఎవరో నాకు అప్పటికి తెలియదు. తెలియదని విద్యార్థి ఎదుట ఒప్పుకొనడానికి యాభై దాటిన ఉపాధ్యాయునికి కొంత ధైర్యం కావలె. ఒక వారం గడువిమ్మని అడిగినాను. ఆ పిల్లవాడు తన చెవులకు తగిలించుకొనే పరికరాన్ని కూడా నాకు ఎరువిచ్చిపోయినాడు. ఆ వారంలో విన్న పాటలను గూర్చి, వాటి పుట్టుకను గూర్చి తెలిసికొన్న సంగతులను ఇక్కడ మనవి చేస్తున్నాను. పాశ్చాత్య సంగీతంలో నాకు శాస్త్రపరిచయం లేదు. మాటలతో ముప్పది ఏండ్లుగా కాపురం చేస్తున్నవాడిని కనుక, మాటకూ ధ్వనికీ గల సంబంధం వరకే నా అధికారం.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం పశ్చిమ భాగాన ఓ క్లేర్ అనే పట్టణం ఉన్నది. అది ఫ్రెంచి పేరు, నిర్మలజలమని అర్థం. ఒకప్పుడు కలప వ్యాపారంతో పెరిగిన ఊరు. వెర్నన్ 1981లో అక్కడ జన్మించినాడు. ఉన్నత పాఠశాలలో చదువుతుండగానే స్నేహితులతో కలిసి వాద్యబృందం కట్టినాడు. తరువాత డియార్మండ్ ఎడిసన్ అనే మరొక బృందం ఏర్పడింది; అది అతని పూర్తిపేరులోని నడిమి మాటలే. 2005లో ఆ మిత్రులందరూ ఊరు విడిచి, నార్త్ కరోలినా రాష్ట్రంలోని రాలీ నగరానికి తరలిపోయినారు. మరుసటి సంవత్సరమే బృందం విచ్ఛిన్నమైనది. అదే కాలంలో ప్రేమబంధం తెగినది. జ్వరంతో మొదలై కాలేయానికి సోకిన జబ్బు ఒకటి అతన్ని చాలాకాలం మంచాన పడవేసినది. ఒక మనిషికి ఇరవై అయిదవ ఏట జరగకూడనివి మూడూ ఒక్కసారి జరిగినవి.

2006 చివర అతడు రాలీ విడిచి ఒంటరిగా స్వరాష్ట్రానికి తిరిగి వచ్చినాడు. తండ్రికి అడవిలో వేటకాలపు కలప కుటీరం ఒకటి ఉన్నది. అందులో దిగినాడు. పాటలు కట్టవలెనన్న సంకల్పంతో అక్కడికి పోలేదని అతడే చెప్పినాడు. కట్టెలు కొట్టినాడు. లేళ్ళను వేటాడి ఆ మాంసంతో భోజనం గడుపుకొన్నాడు. విస్కాన్సిన్ శీతకాలం మనం ఊహించే చలికాలం కాదు. మనకు చలికి ఋతువులు రెండున్నవి: మంచుబిందువుల హేమంతం, ఆకురాలే శిశిరం. నదులు గడ్డకట్టి, ఇంటి వాకిలి మంచుతో పూడిపోయే కాలానికి మన ఆరింటిలో దేనిపేరూ సరిపోదు. అటువంటి చలిలో సుమారు మూడు నెలలు గడిచినవి. క్రమంగా పాటలు మొదలైనవి. ఒక్కొక్క విడతలో పన్నెండు గంటలసేపు సాగిన రికార్డింగు పని, మధ్య మధ్య కట్టెలకోసం పైన్ చెట్లలోకి ప్రయాణం, ఇదీ దినచర్య.

అతడు తనకు పెట్టుకొన్న పేరు బోన్ ఈవేర్. దీనికీ ఒక కథ ఉన్నది. జబ్బుతో మంచాన ఉన్నప్పుడు అతడు నార్తర్న్ ఎక్స్‌పోజర్ అనే టెలివిజన్ ధారావాహికను చూచేవాడు. అది అలాస్కాలోని ఒక చిన్న ఊరి కథ. అందులో తొలిమంచు కురిసిన నాడు ఊరిజనం వీధిలోకి వచ్చి ఒకరికొకరు ఫ్రెంచిభాషలో 'మంచి శీతకాలం' అని శుభాకాంక్షలు చెప్పుకొంటారు. ఆ పలకరింపే ఈ పేరు. ఫ్రెంచిలో శీతకాలమన్న మాటను పలకని హకారంతో మొదలుపెట్టి వ్రాస్తారు. అట్లా వ్రాస్తే ఇంగ్లీషులో కాలేయానికి గల పేరు కంటికి తోస్తున్నదని, తన జబ్బును అది జ్ఞప్తికి తెస్తున్నదని, వెర్నన్ ఆ హకారాన్ని తీసివేసినాడు. ఒక్క అక్షరం లోపించడంలో ఒక మనిషి అనారోగ్యం దాగి ఉన్నదంటే, లోపసంధి చెప్పేవారికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఆ కుటీరంలో అతనికున్న సామగ్రి చాల స్వల్పం. ఒక కంప్యూటరు. సియర్స్ దుకాణాలవారు ఒకప్పుడు అమ్మిన సిల్వర్‌టోన్ జాతి పాత గిటారు ఒకటి. షూర్ సంస్థవారి ఎస్.ఎమ్. 57 అనే మైకు. ఈ మైకు సభావేదికలమీద డప్పులకూ గిటార్లకూ ఎదుట పెట్టే గట్టి వస్తువు; సన్నని గొంతులోని సొగసులను పట్టడానికి స్టూడియోలలో వాడే ఖరీదైన మైకుల కోవకు చెందినది కాదు. ఇట్టి పరికరాలతో ఇంటిలో చేసిన రికార్డింగును పాశ్చాత్యులు 'లో-ఫై' అంటారు. హై-ఫై అన్న మాటను టేప్‌రికార్డర్ల దుకాణాల బోర్డులమీద చూచిన జ్ఞాపకం మా తరానికి ఉన్నది. గాయకుని గొంతు ఎట్లున్నదో అట్లే, ఎక్కడా చెక్కుచెదరకుండా మన చెవికి చేర్చే శక్తి అది. లో-ఫై దానికి విరుద్ధం. కుర్చీ కిర్రుమన్నా, వ్రేలు తీగపై జారినా, గదిగోడ మ్రోగినా అన్నీ పాటలో చేరుతవి. పెద్ద గ్రామఫోను కంపెనీల ఆశ్రయం లేకుండా స్వతంత్రంగా పాటలు వెలువరించేవారిని 'ఇండీ' అంటారు. ఈ రెండు మాటలూ తరచుగా జంటగా వినిపిస్తవి.

ఇది ఈ కుర్రవానితో మొదలైన సంప్రదాయం కాదు. 1982లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అనే సుప్రసిద్ధ గాయకుడు న్యూజెర్సీలోని తన ఇంటి పడకగదిలో కూర్చుండి, నాలుగు వరుసల క్యాసెట్ యంత్రంమీద కొన్ని పాటలు నమూనాగా పాడి పెట్టుకొన్నాడు. పిమ్మట పూర్తి వాద్యబృందంతో అవే పాటలను స్టూడియోలో మరల పాడి చూచినాడు. క్యాసెట్టులో ఉన్నదేదో స్టూడియోలో రాలేదు. చివరకు ఆ క్యాసెట్టునే 'నెబ్రాస్కా' అన్న పేరుతో విడుదల చేసినారు. వెర్నన్ విషయంలోనూ ఇంచుమించు ఇదే జరిగింది. కుటీరంలో చేసినవి నమూనాలేననీ, తరువాత సక్రమంగా మరల పాడవలెననీ అతని ఆలోచన. విన్న మిత్రులు వద్దన్నారు. ఉన్నవి ఉన్నట్లే ఉండనిమ్మన్నారు. 2007 జూలైలో అతడే స్వయంగా సుమారు 500 ప్రతులు వెలువరించినాడు. ఆల్బమ్ పేరు 'ఫర్ ఎమ్మా, ఫరెవర్ ఎగో'. చెవినబడి చెవినబడి ఆ పాటల వార్త పాకింది. 2008 ఫిబ్రవరిలో జాగ్‌జాగువార్ అనే స్వతంత్ర సంస్థ అమెరికాలోనూ, ఆ మే నెలలో 4ఏడీ సంస్థ ఇంగ్లండులోనూ దానిని విడుదల చేసినవి.

ఇక పాటల సంగతి. అవి తొమ్మిది. అన్నీ కలిసి ముప్పదియేడు నిమిషాలు. తొలిసారి విన్నప్పుడు నాకు కలిగిన అనుభూతి ఆనందం కాదు, చిరాకు. పురుషుని గొంతు సహజస్థాయిని విడిచి, తారస్థాయిలో దారంవలె సన్నగా పలుకుతున్నది. మనవైపు కచేరీలలో దొంగగొంతు అని నిరసించేది ఇటువంటిదాన్నే. పైగా ఒక గొంతు కాదు. అదే గొంతు నాలుగైదు పొరలుగా వినిపిస్తున్నది. మాట తెలియదు. ఇంగ్లీషు నాకు బొత్తిగా రానిది కాదు, అయినను మొదటి పాట 'ఫ్లూమ్' ముగిసేవరకు పట్టుమని పది మాటలు చేతికి చిక్కలేదు. పరికరాన్ని తీసి బల్లమీద పెట్టినాను.

రెండవనాటి రాత్రి కరెంటు పోయినప్పుడు చీకటిలో మరల విన్నాను. ఈసారి రెండవ పాట 'లంప్ సమ్' ప్రారంభం నన్ను పట్టి నిలిపింది. చర్చిలో బృందగానంవలె అనేక కంఠాలు ఒక్కసారి లేస్తవి. కాని ఆ బృందంలో ఉన్నది ఒక్క మనిషే. మనుష్యులందరినీ విడిచి అడవికి వచ్చినవాడు, తన గొంతునే మరల మరల పాడి, ఒకదానిమీద ఒకటి పేర్చి, తన చుట్టూ ఒక జనసమూహాన్ని నిర్మించుకొన్నాడు! ఒంటరితనాన్ని గూర్చి ఎందరో పాడినారు. ఒంటరితనం ఇట్లు స్వయంగా బృందగానం చేయడం నేనెన్నడూ వినలేదు. అంతకుముందు డియార్మండ్ ఎడిసన్ బృందంలో పాడిన పాటలను ఆ పిల్లవాడే తరువాత నాకు వినిపించినాడు. అక్కడ వెర్నన్‌ది మంద్రమైన, బరువైన, మగటిమి గల గొంతు. అంటే ఈ సన్నని గొంతు అశక్తత కాదు, ఎన్నిక. దొంగగొంతు అన్న నా ఆక్షేపణను అక్కడికక్కడే ఉపసంహరించుకొన్నాను.

'స్కిన్నీ లవ్' అన్న పాట అన్నింటికంటె ప్రసిద్ధికెక్కింది. దీనిని విషాదగీతమంటారు కాని నాకు అందులో విషాదంకంటె కోపమే హెచ్చుగా వినబడింది. చిక్కి శల్యమైన ప్రేమను తిండిపెట్టి బ్రతికించలేక, బ్రతకవెందుకని దానిమీదనే కేకలు వేస్తున్న మనిషి కోపం అది. గిటారును మీటడం లేదు, బాదుతున్నాడు. ఈ పాటను 2011లో బర్డీ అనే పద్నాలుగేండ్ల ఇంగ్లీషు బాలిక పియానోమీద మృదువుగా పాడగా అది ఆ దేశంలో మిక్కిలి జనాదరణ పొందినది. రెండూ వరుసగా విన్నాను. బాలిక గొంతు స్వచ్ఛమైనది, ప్రతి మాటా తెలుస్తున్నది, శ్రుతి నిర్దుష్టం. విని జాలిపడవచ్చును. మొదటి పాటను విని జాలిపడడానికి వీలులేదు. ప్రక్కగదిలో తగవు వినబడినట్లు మనం ఇబ్బందిపడతాం. మన అలంకారికుల పరిభాషలో బాలికది కరుణం. వెర్నన్‌ది విప్రలంభమని ఒకసారి, రౌద్రమని ఒకసారి తోస్తుంది. ఇది నిర్ణయించలేక ఆ రాత్రి నా నిద్ర కొంత పాడైనది.

'ద వుల్వ్స్' అనే పాట ఒక్క గొంతుతో మొదలై, పల్లవిలోని ఒక్క వాక్యాన్ని తిప్పి తిప్పి అంటూ, మీదికి మీదికి కంఠాలు చేర్చుకొంటూ, కడకు చెక్కలు విరిగినట్లు, పాత్రలు దొర్లినట్లు పెద్ద చప్పుళ్ళలో మునుగుతుంది. ఇక్కడ మంచి మైకు ఉన్నట్లయితే ఈ పాట చెడిపోయేదని నా నిశ్చితాభిప్రాయం. ఆ చప్పుడు పట్టలేక మైకు పగిలినట్లు పలకడమే పాటలోని భావం. 'క్రీచర్ ఫియర్' అన్నది డప్పుల హోరుగా ముగిసి, 'టీమ్' అనే దాదాపు మాటలే లేని చిన్న తునకలోకి జారుతుంది. 'బ్లైండ్‌సైడెడ్' అన్నది మాత్రం నా చెవికి సాగదీసినట్లే ఉన్నది. ఎన్నిసార్లు విన్నా ఆ అభిప్రాయం మారలేదు. చివరిది 'రీ: స్టాక్స్', ఆరున్నర నిమిషాలకు మించిన పాట. అక్కడికి వచ్చేసరికి పేర్చుకొన్న గొంతులన్నీ తొలగిపోతవి. ఒక గిటారు, ఒక గొంతు. సభ ముగిసి, జనమంతా వెళ్ళిపోయి, దీపం ఆర్పవలసినవాడొక్కడే మిగిలినట్లుంటుంది.

మాటలు తెలియవన్న నా ఫిర్యాదు మాత్రం తీరలేదు. మూడవనాడు ఆ పాటల సాహిత్యం సంపాదించి కాగితంమీద చదివినాను. నిరాశ కలిగింది. దూరాన్వయాలు, అసంపూర్ణ వాక్యాలు, ప్రక్కప్రక్కన కూర్చోవడానికి ఇష్టపడని మాటలు. విద్యార్థి ఎవడైనా ఇట్లు వ్రాసి తెస్తే ఎర్రసిరాతో నింపి ఇచ్చేవాడిని. ఈ అస్పష్టత అంతా గాంభీర్యమేనని వాదించే అభిమానులతో నేను ఏకీభవించను. కొన్నిచోట్ల అది ఒట్టి అస్పష్టతే. కాని వెర్నన్ ఆ మాటలను కట్టిన విధానం తెలిసిన తరువాత నా ఎర్రసిరా కొంత ఇంకిపోయింది.

అతడు మొదట మాటలు వ్రాయలేదు. బాణీని అర్థంలేని ధ్వనులతో, అచ్చులతో, కూనిరాగంగా పాడి రికార్డు చేసినాడు. పిమ్మట ఆ ధ్వనులను తానే పదే పదే విని, ఇక్కడ ఏ మాట పలికినట్లున్నది, ఈ దీర్ఘం ఏ పదాన్ని కోరుతున్నది అని వెదకి, అక్షరానికి అక్షరం సరిపోయే మాటలను నింపినాడు. మన చలనచిత్ర కవులు కూడా బాణీకి మాటలు వ్రాస్తారు కదా, ఇందులో వింత ఏమున్నదని అడుగవచ్చును. వింత లేకపోలేదు. సినిమాలో బాణీ కట్టేవారొకరు, మాట కూర్చేవారు మరొకరు. భావాన్ని కథాసందర్భం ముందే నిర్ణయించి ఉంచుతుంది. ఇక్కడ సందర్భం చెప్పేవారు లేరు. ఏ సంగతి చెప్పవలెనో చెప్పేవానికే తెలియదు. నోటినుండి ముందు వచ్చిన 'ఓ'కారంలో, 'ఈ'కారంలో ఆ సంగతి ఎక్కడో ఉన్నది. దానిని చెవితో పసిగట్టి పైకి తీయవలె. నూతిలో పడిన చేదను పాతాళగరిగెతో వెదకేవాడు కంటితో చూడడు. త్రాడు బరువును చేతితో గుర్తుపడతాడు.

ఇట్లు పుట్టిన మాటలను ధ్వనినుండి విడదీసి కాగితంమీద పెడితే అవి సొమ్మసిల్లడం సహజం. అలంకారశాస్త్రంలో ధ్వని అనగా వాచ్యార్థానికి అతీతంగా స్ఫురించే అర్థమని, మామూలు తెలుగులో ధ్వని అనగా చప్పుడని విద్యార్థులకు విడమరచి చెబుతుంటాను. ఈ తొమ్మిది పాటలలో ఆ రెండు అర్థాలకూ నడుమ గోడ పలుచబడింది.

ఇప్పుడు నా విద్యార్థి వాదానికి వస్తాను. దుఃఖం, ఏకాంతం ఉంటే చాలునా? ఈ వాదం అతనిదే కాదు; మన సాహిత్యంలో దీనికి పరమ ప్రమాణంగా చూపే కథ ఒకటి ఉన్నది. క్రౌంచపక్షి శోకం చూచి వాల్మీకి శోకం శ్లోకమైనది. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకొని ఎంతమంది యువకవులు వ్యాకరణానికి నమస్కారం పెట్టి వెళ్ళిపోయినారో లెక్కలేదు. కాని ఆ కథలో తరువాతి ఘట్టాన్ని ఎవరూ చదవరు. నోటినుండి మాట వెలువడగానే వాల్మీకి ఏమి చేసినాడు? ఏడ్వలేదు. తన వాక్యాన్ని తానే పరిశీలించినాడు. ఇది పాదాలుగా అమరి ఉన్నదే, అక్షరాలు సమంగా తూగుతున్నవే, వీణతీగపై లయకు నిలిచేట్లున్నదే అని ఆశ్చర్యపడి, శిష్యునితో ఆ సంగతి చెప్పినాడు. శోకం క్షణికం. అక్షరాలు తూగినవని గుర్తించిన చెవి క్షణంలో వచ్చినది కాదు.

వెర్నన్ చెవి కూడా ఆ కుటీరంలో పుట్టినది కాదు. పాఠశాలలో జాజ్ వాద్యబృందంలో వాయించినాడు. ఓ క్లేర్‌లోని విశ్వవిద్యాలయంలో మతధర్మాల అధ్యయనం ముఖ్యవిషయంగా పట్టం పుచ్చుకొన్నాడు. అంటే చదువు మానివేసి అడవికి పోయినవాడు కాడు. కుటీరానికి పోకముందు దాదాపు పది సంవత్సరాలు బృందాలలో పాడినాడు, పాటలు కట్టినాడు, సొంతంగా రికార్డులు చేసి కొలది ప్రతులు పంచుకొన్నాడు. వాటిని ఎవరూ పట్టించుకొనలేదు. ఏ మైకును ఎంత దూరంలో పెట్టవలెనో, ఒక గొంతుమీద మరొక గొంతును ఏ పాళంలో పేర్చవలెనో అతని చేతులకు అప్పటికే తెలుసు. అందువల్లనే ఒక్క మైకు సరిపోయింది. ఇంకొక సంగతి. ఆల్బమ్‌లోని 'ఫర్ ఎమ్మా' పాటలో వినిపించే ఇత్తడి బూరలు కుటీరంలో వాయించినవి కావు. తరువాత ఇతర వాద్యకారులు వాయించగా చేర్చినవి. ఒంటరిమనిషి కథలో ఈ బూరలవారిని అందరూ మరచిపోతారు. ఉన్నవి ఉన్నట్లు ఉంచుమని చెప్పిన మిత్రులను కూడా. ఏ పాట మరల పాడకూడదో తెలిసికొనడానికి కూడా రెండవ చెవి కావలసి వచ్చింది.

ఈ ఎమ్మా ఎవరని చాలమంది అడిగినారు. ఎమ్మా అంటే ఒక మనిషి కాదనీ, మనసు చిక్కుబడిపోయిన ఒక చోటు అనీ వెర్నన్ సమాధానమిచ్చినాడు. మన పదకర్తల నాయికలను గూర్చి పరిశోధకులు ఆమె ఎవరు, ఏ ఊరు అని కాగితాలు ఖరాబు చేయడం ఎరిగినవాడిని కనుక, ఈ సమాధానం నాకు నచ్చినది.

ఉపాధ్యాయులు తప్పక వినవలసిన ఘట్టం ఆ తరువాతది. కుటీరంలో ఒక్కడు పేర్చిన గొంతులను సభలో ఒక్కడు పాడలేడు కదా. అప్పుడు ఓ క్లేర్‌కు చెందిన షాన్ కేరీ అనే యువకుడు, ఆ పాటలన్నిటి డప్పుల వరుసలనూ గొంతు వరుసలనూ ఎవరూ అడగకుండానే స్వయంగా అభ్యసించి, వెర్నన్ వద్దకు వచ్చి నేను వాయిస్తానన్నాడు. మైక్ నోయిస్ అనే మరొకడు, వెర్నన్ వద్దనే గిటారు నేర్చుకొన్న శిష్యుడు. ఇట్లు బోన్ ఈవేర్ ఒక మనిషి పేరు కాక ఒక బృందం పేరు అయింది. గొంతు చాలనిచోట సభలోని జనమే అందుకొన్నారు. 'ద వుల్వ్స్' చివరి పల్లవిని శ్రోతలందరూ కేకలుగా పాడవలెనని వెర్నన్ సభలలో కోరేవాడు. వేలమంది పాడేవారు. మంచులో ఒంటరిగా ఉన్నవాడు ఊహించుకొని పేర్చిన జనసమూహం నిజంగానే ఎదుటికి వచ్చి నిలిచింది.

గరుకుదనమే అతని సిద్ధాంతమని కూడా భ్రమపడరాదు. మొదటి ఆల్బమ్ తరువాత అతడు ఫాల్ క్రీక్ అనే చోట, మునుపు పశువైద్యశాలగా ఉన్న కట్టడాన్ని సోదరునితో కలిసి కొని, దానిని స్టూడియోగా మార్చినాడు. 2009లో వచ్చిన 'వుడ్స్' అన్న పాటలో గొంతును యంత్రంచేత శ్రుతిపరిచి, లోహపు గొంతుగా మార్చి, మరల పొరలుగా పేర్చినాడు. దానిని కాన్యే వెస్ట్ 2010లో తన పాటలో వినియోగించుకొన్నాడు. 2011లో వచ్చిన రెండవ ఆల్బమ్‌లో వాద్యాలు అనేకం, రికార్డింగు నిండుగా ఉన్నది. 2012లో దానికి గ్రామీ బహుమానం వచ్చింది. అదే సభలో ఉత్తమ నూతన కళాకారుడన్న బహుమానం కూడా ఇచ్చినారు. తొలి ఆల్బమ్ వెలువడి అయిదవ ఏడు జరుగుతున్నది, పాడడం మొదలుపెట్టి అంతకు మూడింతలు అయినది, అయినను నూతనుడే! మన అకాడమీలు ఎనభై ఏండ్ల కవిని గుర్తించడం ఆలస్యమని ఇక నేను గొణగను. 2016లో వచ్చిన మూడవ ఆల్బమ్ యంత్రధ్వనుల మయం. రేకుల షెడ్డు ఎదురుగా ఉన్నప్పుడు రేకుల షెడ్డుతో, స్టూడియో ఎదురుగా ఉన్నప్పుడు స్టూడియోతో పనిచేసే మనిషి అతడు.

వారం గడిచిన తరువాత విద్యార్థికి ఇవన్నీ చెప్పినాను. మూడు పాటలను ఇద్దరమూ స్టాఫ్ రూములో కూర్చుండి విన్నాము. అతడు వాదించలేదు, ఒప్పుకొనను కూడా లేదు. సంక్రాంతి సెలవులకు ఊరికి పోయినాడు. షెడ్డులో పది రోజులున్నాడట. సెలవులు ముగిసిన నాలుగవ రోజున వచ్చి, ఫోనులో రికార్డు చేసిన పాట ఒకటి వినిపించినాడు. పాట వెనుక బోరు మోటారు చప్పుడు సన్నగా వినిపిస్తున్నది. "మోటారు కావాలనే ఉంచావా?" అని అడిగినాను. "లేదండీ, మా తాతయ్య ఆపనన్నాడు. తడి ఆరిపోతుందని" అన్నాడు. రెండవ చరణంలో ఒకచోట గొంతు మాటను విడిచి ఊరకే 'ఆ' అని సాగింది. అక్కడ మోటారు శ్రుతీ అతని శ్రుతీ అనుకోకుండా కలిసినవి. ఆ చోటు నాకు బాగున్నది. అదే చెప్పినాను.

"అక్కడ మాట దొరకలేదు మాస్టారూ" అన్నాడు.

"ఎన్ని మాత్రల మాట కావాలి?" అని అడిగినాను.

అతడు ఒక నిమిషం ఆలోచించి, మరల ఫోను నొక్కి, ఆ ముక్కను విని, వ్రేళ్ళమీద లెక్కపెట్టినాడు. లెక్క తప్పింది. మరల లెక్కపెట్టినాడు. సంచిలోనుండి ఛందస్సు నోటుపుస్తకం పైకి తీసి, అందులో ఖాళీ పేజీకోసం వెదకినాడు. చదువు మానే సంగతి నేను అడగలేదు, అతడు చెప్పలేదు. గంట కొట్టినా బల్ల దగ్గరనుండి లేవలేదు.